మొదటి నొక్కు

శివగంగ కూరగాయలకు బస్టాండు ముందు నుంచి పోతే పది నిమిషాల దారి. ఆమె మాత్రం వెనక సందుల్లో తిరిగి తిరిగి అర్ధగంట నడుస్తుంది. వానాకాలం ఆ సందుల్లో మడమ లోతు బురద ఉన్నా అదే దారి. బస్టాండు ముందర సంగమేశ్వర్ షాపు ఉంది మరి. ఆ షాపు కంటబడితే ఆ పూట తిన్నది ఆమెకు ఒంటబట్టదు.

ఒకప్పుడు ఆ షాపు ఆమె పెనిమిటిది. రేవణసిద్ధ గడియారాలు, రేడియోలు, రీలు కెమెరాలు బాగుచేసేవాడు. కంగ్టి, మనూర్, కల్హేర్ దాకా పెళ్లి ఫొటోలు తీసేవాళ్లందరికీ ఆయనే దిక్కు. ఎవరైనా కెమెరా తెస్తే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, బటన్ నొక్కి వినేవాడు. విని "రేపు రా" అనేవాడు. మరునాడు జబ్బేమిటో గురి తప్పకుండా చెప్పేవాడు. "రేవణసిద్ధకు కెమెరా చెవిలో చెప్తది" అని నారాయణఖేడ్‌లో పెద్దా చిన్నా అనుకునేవారు.

ఆయన పోయి రెండేళ్లయింది. పోయాక, ఆయన దగ్గర పని నేర్చుకున్న సంగమేశ్వర్‌ను చూసి ఊరు ఇంకో మాట పట్టుకుంది. "ఉస్తాద్ చేతులు సంగమేశ్వర్‌కే వచ్చినయి." ఆ మాట విన్నప్పుడల్లా శివగంగకు కడుపులో పచ్చిమిరపకాయ నలిపినట్టుండేది.

ఆ మంట నిన్న మొన్నటిది కాదు. కంగ్టి అవతల, కన్నడం మాట్లాడే ఇంట్లో పుట్టిన పిల్ల ఆమె. బడిలో ఐదో తరగతి దాటలేదు. పదిహేడేళ్లకు ఖేడ్ కోడలైంది. పిల్లలు కలగలేదు. రోజూ పగటిపూట టిఫిన్ పట్టుకుని షాపుకు పోయేది. సంగమేశ్వర్ పనికి చేరిన కొత్తలో, ఒకనాడు ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి రేవణసిద్ధ వాడి మణికట్టు పట్టుకుని స్క్రూడ్రైవర్ తిప్పిస్తున్నాడు. "గింతే బలం, గింతే" అంటున్నాడు. చంటిపిల్ల చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించినట్టు. తన చెయ్యి ఆయన అంత ఓపికగా ఎన్నడు పట్టుకున్నాడని ఆమె వెతుక్కుంది. ఎంత వెతికినా ఒక్క రోజూ దొరకలేదు. టిఫిన్ కింద పెట్టి తిరిగి వచ్చేసింది.

పదకొండేళ్లు అట్లాగే చూసింది. చివరికి దవాఖానలో మంచం మీద ఉన్నప్పుడు కూడా ఆయన అడిగింది "సంగడు వచ్చిండా?" అనే. వాడు ఉరికొచ్చాడు. ఆయన వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టుకున్నాడో! శివగంగ మందుల చీటీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపల వాళ్లేం మాట్లాడుకున్నారో ఆమెకు వినపడలేదు. ఆ సాయంత్రమే ఆయన పోయాడు. తమ ఆచారం ప్రకారం కూర్చోబెట్టి మట్టి ఇచ్చేటప్పుడు సంగమేశ్వర్ అందరికన్నా గట్టిగా ఏడ్చాడు. చుట్టాలు వాణ్ణే పట్టుకుని ఓదార్చారు. ఆమె ఏడుపు లోపలే ఉండిపోయింది.

ఇంత మంటలోనూ ఆమె ఒక సంగతి దాచుకుంది. అది ఊరికీ తెలియదు, సంగమేశ్వర్‌కూ తెలియదు. రేవణసిద్ధకు చెవులు వినపడేవి కావు.

పెళ్లయిన పదేళ్లకు చీము కారి ఎడమ చెవి పోయింది. తరువాత కుడిదీ మెల్లమెల్లగా పోతూ వచ్చింది. పెదవులు చూసి మాట పట్టేవాడు. షాపులో చెవి దగ్గర కెమెరా పెట్టుకోవడం పాత అలవాటు, ఆ తరువాత అదొక వేషం. గట్టి జబ్బులన్నీ ఇంటికి తెచ్చేవాడు. గూట్లో పెట్టి, తెల్లారి వీధి లేవకముందు ఆమె చేతికిచ్చి "విను" అనేవాడు. ఆమె వినేది. "ఇది నసుగుతుంది", "ఇది రెండుసార్లు కొట్టుకుంటుంది", "ఇందులో చప్పుడు మధ్యలో తెగింది" అని తనకు తోచిన మాటల్లో చెప్పేది. ఆ మాటలను బట్టి ఆయన జబ్బు పోల్చుకునేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నాడు. ఆమె చెప్పలేదు. దానికి తనకేదో గొప్ప రావాలని కూడా ఎన్నడూ అనుకోలేదు. పొయ్యి రాజేసినట్టు, కసువు ఊడ్చినట్టు, అదీ ఇంటిపనే అనుకుంది.

శుక్రవారం సాయంత్రం సంగమేశ్వర్ ఆమె గుమ్మం ముందు బండి ఆపాడు. మనిషికి ముప్పై అయిదు దాటాయి, ముందర జుట్టు పలచబడింది.

"అమ్మా, బాగున్నవా?"

"ఏంది సంగా, రెండేండ్లకు యాదికొచ్చిన్నా?"

"నేను రెండుసార్లు వచ్చిన. నువ్వే తలుపు తియ్యలే."

అది నిజమే కాబట్టి ఆమె మాట మార్చింది. "గా చేతులది ఏంది?"

అది పిడికిట్లో పట్టేంత చిన్న రీలు కెమెరా. పప్పుల వ్యాపారం చేసిన శాంతప్పది. ముసలాయన పోయాక పెట్టెలో దొరికిందట. మనుమరాలు రశ్మి హైదరాబాదులో చదువుతుంది. ఇప్పుడు అక్కడి పిల్లలకు మళ్లీ రీలు కెమెరాల మీద పిచ్చి పట్టిందట.

"రేపు సాయంత్రం బస్సుకు పోతదట ఆ పిల్ల. ఇది నడిస్తే వాళ్ల దోస్తులవి ఇంకా పది పదిహేను పంపిస్తదట. నడవకపోతే నేను కెమెరా బల్ల తీసేస్తనమ్మా. ఇగ మొబైల్ అద్దాలు మార్చుకుంట బతుకుడే. ఉస్తాద్ బల్ల తీసుడంటే నాకు పానం ఒప్పుతలేదు."

"ఏమైంది దానికి?"

"అదే సమజ్ అయితలేదు. కొత్త బ్యాటరీ సెల్లు ఏసిన. సెల్లు కూసునే కాడ పచ్చగ చిలుం పట్టింది, నిమ్మకాయతోని కడిగిన. రీలు లేకుంటే కొన్ని కెమెరాలల్ల షట్టర్ పడదు కద, లోపటి పండ్ల చక్రం వేలితోని తిప్పి చూసిన. షాపుల నొక్కితే బరాబర్ పడుతుంది. ఆ పిల్ల ఇంటికి తీస్కపోయి నొక్కితే పడతలేదు. మూడుసార్లు గిదే కత. ఆ పిల్ల నన్ను ఝూటాగాణ్ణి చూసినట్టు చూస్తుంది."

ఆగి, చెప్పులతో నేల గీరుతూ అన్నాడు. "ఉస్తాద్ గిట్లాంటివి ఇంటికి తీస్కపోయి పొద్దుగాల్ల చెప్పేటోడు. ఇంట్ల ఏదన్న బుక్కు ఉన్నదామ్మా? జబ్బులు రాసుకున్నది?"

బుక్కు! శివగంగకు నవ్వొచ్చినంత పనైంది. ఆ బుక్కు వాడి ఎదురుగానే, కొంగు నడుముకు చుట్టుకుని నిలబడి ఉంది.

"ఉన్నది" అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. "ఈడ పెట్టిపో. చూసి చెప్త. బుక్కు మాత్రం ఇయ్య."

"వద్దమ్మా, అది నీ కాడనే ఉండని. రేపు పొద్దుగాల్ల వస్త."

శనివారం తెల్లవారుజామున స్నానం చేసి, లింగపూజ ముగించుకుని, ఆమె గూట్లోని కెమెరా తీసింది. రెండేళ్లుగా అట్లాంటిది చేత పట్టలేదు. వేళ్లు మాత్రం మరిచిపోలేదు. వెనక మూత తెరిచి, పళ్ల చక్రాన్ని బొటనవేలితో ఆగేదాకా తిప్పింది. చెవికి ఆనించి నొక్కింది.

టక్.

అంతే. అది బటన్ చప్పుడు. మంచి కెమెరాలో ఆ వెంటనే ఇంకో సన్నని చప్పుడు ఉంటుంది, స్టీలు పళ్లెంలో నువ్వుగింజ పడ్డట్టు. అది షట్టర్ ఆకులు తెరుచుకుని మూసుకునే చప్పుడు. దీంట్లో అది లేదు. మళ్లీ తిప్పి నొక్కింది. లేదు. మూడోసారి ఎక్కడో ఈడ్చినట్టు వినపడింది. ఆరోసారికి నువ్వుగింజ పడింది. కిటికీకేసి పెట్టి వెనక నుంచి చూస్తూ నొక్కితే గుండ్రని వెలుతురు చుక్క మెరిసి మాయమైంది.

ఆమె దాన్ని పక్కన పెట్టి పొయ్యి మీద బియ్యం పెట్టింది. అన్నం వార్చి వచ్చి మళ్లీ నొక్కింది. టక్. నువ్వుగింజ లేదు.

ఇగ తెలిసిపోయింది. స్ప్రింగు నీరసపడితే ఎన్నిసార్లు నొక్కినా ఒకటే నీరసం. ఇది అట్లా కాదు. ఆకులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. నాలుగుసార్లు కదిలిస్తే విడిపోతాయి, కాసేపు ఊరుకుంటే మళ్లీ అంటుకుంటాయి. సంగమేశ్వర్ షాపులో పొద్దంతా నొక్కుతూనే ఉంటాడు కాబట్టి అక్కడ నడుస్తుంది. ఆ బస్టాండు హారన్లలో మొదటి నొక్కు మూగగా పోయిందని వాడికెట్లా తెలుస్తుంది?

బటన్ చుట్టూ సందులో తెల్లగా ఏదో ఉంటే గోటితో గీకి వాసన చూసింది. విబూది. ఆమెకు శాంతప్ప ఇల్లు కళ్లకు కట్టింది. తమ ఇళ్లలో దసరాకు తక్కెడ, కత్తిపీట, కుట్టుమిషను, బండి, అన్నీ కడిగి వరుసగా పెడతారు. విబూది పెడతారు, కుంకుమ పెడతారు, తుప్పు పట్టకుండా ఇనుముకు ఒక చుక్క నూనె వేస్తారు. ముసలాయన కెమెరాను కూడా తక్కెడ పక్కన పెట్టి ఏటేటా భక్తిగా నూనె వేసినట్టున్నాడు. షట్టర్ ఆకుకు నూనె విషం. విబూదీ నూనే కలిసి లోపల బంక అయి ఉంటుంది. లైటర్‌లో పోసే పెట్రోలు దూది కొసకు అద్ది నాలుగుసార్లు తుడిస్తే చాలు.

ఇంత తేలిక. అంత పేరున్న చేతులకు ఇది అందలేదు. ఆమెకు ఒళ్లంతా ఒక తీయని వేడి పాకింది.

ఎనిమిది గంటలకు సంగమేశ్వర్ వచ్చాడు.

"బుక్కుల ఏం రాసిండమ్మా?"

శివగంగ వాడి చేతులకేసి చూసింది. పొడుగాటి వేళ్లు, గోళ్లు పొట్టిగా కత్తిరించుకున్నాడు, అచ్చం ఆయనలాగానే. దవాఖానలో ఆయన పట్టుకున్నవి ఆ వేళ్లే.

"స్ప్రింగు ఢీలా పడ్డదట. తీసి ఒక చుట్టు కత్తిరియ్యాలట."

వాడి ముఖం మారింది. "కత్తిరిస్తే గీ స్ప్రింగు మళ్ల దొరకదమ్మా. తప్పయితే ఇగ ఇది ఉత్త డబ్బానే."

"నాకేం తెలుసురా? ఆయన రాసింది చెప్పిన."

"ఉస్తాద్ రాసిండంటే ఇగ ఆలోచనే లేదు." కెమెరా కళ్లకద్దుకుని పోయాడు.

ఆ పొద్దు శివగంగ రెండు జొన్నరొట్టెలు పుంటికూరతో కడుపునిండా తింది. రెండేళ్లలో అంత రుచిగా తిన్నది లేదు. కోయ్, బాగా కోయ్, ఆ పిల్ల నలుగురిలో నీ ముఖం మీద కొట్టినట్టు చెప్పాలి, చేతులు వచ్చినయన్న నోళ్లన్నీ మూతపడాలి, అనుకుంటూ గిన్నెలు తోమింది.

పదకొండు గంటలకు పక్కింటి రోజ మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చింది. ఆమె పెనిమిటి స్టాన్లీకి ఆటో ఉంది. బస్టాండు ముచ్చట్లన్నీ ఆ ఆటోలోనే వీధికి చేరుతాయి.

"అక్కా, నువ్వు ఘటికురాలివి! ఇన్నొద్దులు బుక్కు దాపెట్టినవట?"

"ఎవరన్నరు?"

"ఎవరనుడేంది? బస్టాండంత గదే. సంగమేశ్వర్ చాయ్ తాగుకుంట అందరికి చెప్తుండట, ఉస్తాద్ సొంత చేతితోని రాసిన బుక్కు దొరికిందని. 'నేను ఉత్త కూలోణ్ణి, చెప్పేటోడు ఉస్తాద్. బాగైనా ఆయన పుణ్యమే, చెడినా ఆయన మాటే' అన్నడట. మా స్టాన్లీ ఏమన్న రాస్తే గది ఆటో ఎనకాలనే రాస్తడు, ఇంట్లకు ఒక్క ముక్క పనికి రాదు." రోజ తన మాటకు తనే నవ్వింది.

శివగంగ చెంబు అందుకుని గట్టు మీద పెట్టింది.

చెడినా ఆయన మాటే. తాను సంగమేశ్వర్ మీదికి విసిరిన రాయి ఎవరికి తగలబోతున్నదో అప్పుడు ఆమెకు కనపడింది. స్ప్రింగు తెగితే వాడి పేరు పోదు. ఉస్తాద్ బుక్కు తప్పట, ఉస్తాద్‌కే తెలియదట, అంటారు. బతికినన్నాళ్లు ఒక్క అబద్ధపు జబ్బు చెప్పని మనిషి నోట్లో, మట్టిలో కూర్చున్నాక, తాను అబద్ధం పెట్టింది.

"అక్కా, ఏమైంది? ముఖం గట్ల తెల్లవడ్డది?"

"తాళం ఏసుకుంట. నువ్వు నడువు."

తాళం వేసిందో లేదో కూడా ఆమెకు గుర్తులేదు. సందులు గిందులు లేవు, బస్టాండు ముందు నుంచే దబదబ నడిచింది. కండక్టరు "జహీరాబాద్, జహీరాబాద్" అని గొంతు చించుకుంటున్నాడు. ఆటోలు హారన్లు కొడుతున్నాయి. షాపు మెట్టెక్కేసరికి సంగమేశ్వర్ దీపం కింద వంగి ఉన్నాడు. కెమెరా ముఖం ఊడదీసి తెల్లబట్ట మీద పెట్టాడు. పట్టకారు కొసన వెంట్రుకంత స్ప్రింగు. కుడి చేతిలో కట్టరు.

"ఆగురా!"

వాడు ఉలిక్కిపడి తలెత్తాడు. స్ప్రింగు బట్ట మీద పడింది, ఇంకా నిండుగానే ఉంది.

"బుక్కు లేదు" అంది ఆమె, రొప్పుతూ.

"ఆఁ?"

"బుక్కు లేదురా. ఎన్నడూ లేదు. మీ ఉస్తాద్ ఒక్క అక్షరం రాయలే."

"మరి స్ప్రింగు..."

"నేను అల్లి చెప్పిన. నీ చేతుల అది ఖరాబు గావాలని."

సంగమేశ్వర్ కట్టరు కింద పెట్టాడు. "నేనేం జేసినమ్మా నీకు?"

"ఏం జేయలే. ఓర్వలేకపోయిన. ఆయన నీ చెయ్యి పట్టుకుని నేర్పుతుంటే ఓర్వలే. ఊరు నిన్ను మెచ్చుకుంటే ఓర్వలే. గంతే."

స్టూలు మీద కూలబడింది. ఇక దాచి లాభం లేదని, ముందు వాడి మెడలోని లింగం మీద ఒట్టు పెట్టించుకుంది. ఈ మాట షాపు దాటి పోవద్దు. తరువాత చెప్పింది, ఆయన చెవుల సంగతి, తెల్లవారుజామున గూట్లోంచి తీసి తన చేతికిచ్చే సంగతి.

సంగమేశ్వర్ నోరు తెరుచుకుని విన్నాడు. "పదకొండేండ్లు! ఆయనకు వినవడకపోయేదా? నేను కోపమొచ్చినప్పుడు ఎడమ పక్క నిలవడి ఎన్ని తిట్టుకున్ననో. అన్నీ వింటుండు, పెద్దమనిషి కాబట్టి ఊకుంటుండు అనుకున్న." నవ్వబోయాడు, నవ్వు సగంలోనే ఆగింది. "నాకూ మస్తు మండేదమ్మా. అసలు విద్య నాకియ్యకుండ ఇంట్ల దాపెడ్తుండని. ఇంట్ల ఎవరికి చెప్తడు, ఉన్నది అమ్మ ఒక్కతే కద, అమ్మకేం తెలుస్తది అనుకునేటోణ్ణి."

"అమ్మకేం తెలుస్తది!" అంది శివగంగ. మండింది, కానీ ఇప్పుడు మండాల్సింది అది కాదు. రెండేళ్లుగా గొంతులో ఇరుక్కున్న ముల్లు ఒకటుంది. "సంగా, నిజం చెప్పు. దవాఖానల నీ చెయ్యి పట్టుకుని ఏం చెప్పిండు?"

"ఏం చెప్పలేమ్మా. షాపు తాళం ఏసినవా అని అడిగిండు. ఏసిన అన్న. మళ్ల అడిగిండు. మళ్ల చెప్పిన. ఏడెనిమిదిసార్లు అడిగిండు. పానం మీద లేడు, మతి తప్పిందనుకున్న. కండ్లు సుత మూతలు పడుతుండె. ఆఖరికి చెయ్యి పట్టుకుంటే, ఆయన అరచేతిల తాళంచెవి తిప్పినట్టు వేలు తిప్పి చూపిచ్చిన. అప్పుడు ఊకున్నడు. మళ్ల చెయ్యి ఇడువలే."

ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి మరి. పెదవులు చూడలేకపోయాడు. మాట పట్టుకోవడానికి ఇంకేమీ లేక చెయ్యి పట్టుకున్నాడు. రెండేళ్లు తాను దేన్ని చూసి ఉడికిపోయిందో అది ఒక తాళం సంగతి. శివగంగ కొంగు నోట్లో కుక్కుకుంది. మట్టి ఇచ్చిన నాడు రాని ఏడుపు ఆ హారన్ల మధ్యన వచ్చింది. సంగమేశ్వర్ షాపు షట్టర్ సగం కిందికి లాగి, బయట మెట్టు మీద కూర్చున్నాడు, ఎవరూ లోపలికి రాకుండా.

తరువాత పని చేశారు. స్ప్రింగు ఎక్కడిదక్కడ పెట్టాడు. ఆమె చెప్పినట్టు దూది కొసకు పెట్రోలు అద్ది ఆకులు తుడిచాడు. దూది మొదట బూడిదరంగులో వచ్చింది. రెండోసారి పసుపు. అయిదోసారికి తెల్లగా వచ్చింది. ఆమె చూస్తూ కూర్చుంది. పని చేసేటప్పుడు వాడి బొటనవేలు కొంచెం పక్కకు వంగుతుంది, ఆయనదీ అంతే. అది చూస్తే మళ్లీ కడుపులో మిరపకాయ మెదిలింది. పోలేదది. అంత తొందరగా ఎట్లా పోతుంది?

"ఇగ ముట్టకు. రెండు గంటలు ఊకనే ఉండని" అంది.

"రెండు గంటలా?"

"మొదటి నొక్కుకే జబ్బు దొరుకుతది. నువ్వు నొక్కి నొక్కి దాన్ని లేపుతవు. పడుకోనియ్యవు."

రెండు గంటలయ్యాక ఆమె చక్రం తిప్పి నొక్కింది. బయట బస్సు అరుస్తోంది. కళ్లు మూసుకుని, ఒక చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని విన్నది. నువ్వుగింజ పడింది. మొదటి నొక్కుకే.

అయిదు గంటలకు రశ్మి వచ్చింది, భుజాన సంచీ, చేతిలో బస్సు టికెట్టు. వెనక మూత తెరిచి, చక్రం తిప్పి, తనే నొక్కి చూసుకుంది. వెలుతురు చుక్క మెరిసేసరికి పిల్ల ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అంకుల్, ఎట్ల పట్టిన్రు? హైదరాబాదుల ముగ్గురు చూసి కాదన్నరు!"

సంగమేశ్వర్ శివగంగ వైపు చూశాడు. ఆమె కళ్లతోనే వద్దంది. బుక్కు పేరు చెబితే చూపించమంటారు, ఆమె పేరు చెబితే ఎందుకు, ఎట్లా అని అడుగుతారు. అడిగితే ఆయన చెవుల దాకా పోతుంది. వాడు ఒట్టు మీద ఉన్నాడు.

"పట్టినమ్మా, ఎట్లనో" అన్నాడు, తల వంచుకుని. "దసరకు దీనికి నూనె మాత్రం ఎయ్యకు. కుంకుమ మీది మీదనే పెట్టుకో, చాలు."

"మీరు జీనియస్ అంకుల్! మా దోస్తులందరికి చెప్త." స్టూలు మీద కూర్చున్న ముసలావిడ ఎవరో ఆ పిల్లకు తెలియదు. కాళ్లు కొంచెం పక్కకు జరుపుమన్నట్టు నవ్వి, సంచీ తీసుకుని బస్సుకు ఉరికింది.

ఆ పొగడ్తంతా తన ముందరే, తన పక్కనుంచే, వాడి ఒళ్లో పోయి పడింది. శివగంగకు చెవుల దాకా కాలింది. కాలితే కాలనీ, అనుకుంది. ఆయన పేరు చెక్కుచెదరకుండా ఉంది.

"అమ్మా, మాఫ్ చెయ్. నేను..."

"నువ్వు నోరు మూసుకుని ఒట్టు నిలబెట్టుకో, చాలు. ఇంకేమన్న సమజ్ గానివి ఉన్నయా నీ కాడ?"

వాడు సొరుగు లాగి రెండు కెమెరాలు బల్ల మీద పెట్టాడు. ఆమె వాటిని కొంగులో మూటగట్టుకుని లేచింది.

"సోమవారం పొద్దుగాల్ల రా. దూరం కాడనే బండి బందు చేసి నడిసి రా. హారన్ కొట్టినవంటే తలుపు తియ్యనే తియ్య."